లైట్‌హౌస్ నాలుగింటి వరకే

శనివారం పొద్దున తొమ్మిదింటికి కాలింగ్ బెల్ మోగిందంటే చాలు, అమ్మమ్మ కడుపులో కుంపటి రాజుకునేది. వచ్చిందెవరో తలుపు తీయకుండానే తెలుసు. వెడల్పాటి టోపీ, భుజాన సంచీ, మెడలో దుర్భిణితో వియ్యపురాలు గుమ్మంలో నిలబడి ఉండేది. అల్లుడి తల్లి, రిటైరైన జాగ్రఫీ టీచరు. ఊరికి ఆ చివర ఒక్కతే ఉంటుంది. "గువ్వా!" అని ఆవిడ ఒక్క పిలుపు పిలిస్తే, ఎనిమిదేళ్ల మనవరాలు నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చి నానమ్మ నడుముకు చుట్టుకుపోయేది.

మిగతా ఆరు రోజులూ గువ్వ మంచం దిగాలంటే అమ్మమ్మ గొంతు చించుకోవాలి. కూతురూ అల్లుడూ ఎనిమిది కొట్టేసరికి ఉద్యోగాలకు వెళ్లిపోతారు. జడలు వేసేది, పేలు దువ్వేది, బడికి దింపి మళ్లీ తెచ్చేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది, ముక్కు మూసి దగ్గు మందు పోసేది అన్నీ అమ్మమ్మే. చాకిరీ అంతా తనది, ముద్దులన్నీ ఆవిడవి.

ఫ్రిజ్ తలుపు నిండా గువ్వ గీసిన బొమ్మలే. పడవ, మ్యూజియం, జలపాతం. ప్రతిదాంట్లోనూ ఒక బుల్లి మనిషి, పక్కన ఒక టోపీ మనిషి. ఉండబట్టలేక ఒకరోజు అమ్మమ్మ అడిగేసింది.

"నేనేదే ఇందులో?"

"నువ్వు ఇంట్లో ఉన్నావుగా అమ్మమ్మా. ఇది బయట బొమ్మ" అంది గువ్వ, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

అమ్మమ్మ బయట తిరగని మనిషేం కాదు. ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. ఏ బస్సు ఎక్కడ ఎన్నింటికి ఆగుతుందో, ఏ ఆఫీసు ఎన్నింటికి మూస్తారో ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పదకొండేళ్లు లైట్‌హౌస్ రూటు ఆమెదే. అక్కడ బస్సు పది నిమిషాలు ఆగేది. టీ గొంతులో పోసుకుని, లెక్క రాసుకుని, విజిల్ ఊదేసేది. ఒక్కసారి కూడా పైకెక్కింది లేదు.

ఆ శనివారం వియ్యపురాలు రాగానే ప్రకటించింది. "ఇవాళ లైట్‌హౌస్!"

అప్పటికి అమ్మమ్మ గువ్వకు జడ వేస్తోంది. ఎగిరి గంతేయబోయిన పిల్ల జుట్టు చేతిలో బిగుసుకుంది.

"అబ్బా, లాగకు! నానమ్మ అయితే అస్సలు లాగదు."

అమ్మమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. నెలకు నాలుగు రోజులు దువ్వే చేయి ఎందుకు లాగుతుంది?

"వదినగారూ, పైకి ఎన్నింటిదాకా ఎక్కనిస్తారో మీకు తెలిసే ఉంటుంది" అని అడిగింది వియ్యపురాలు.

"అమ్మమ్మకు అన్ని టైములూ తెలుసు" అంది గువ్వ గొప్పగా.

నాలుగింటి వరకే. ఆ సంగతి అమ్మమ్మకు తన పేరు తెలిసినంత బాగా తెలుసు. "ఆరింటి దాకా" అంది జడకు రబ్బరు బ్యాండు వేస్తూ. "తొందరేముంది? భోంచేసి, ఎండ తగ్గాక నిదానంగా వెళ్లండి."

ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ప్రయాణికుడికి కూడా ఆమె తప్పు టైము చెప్పలేదు. వాళ్లు వెళ్లాక వంటింట్లో తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. అయినా మనసులో ఏదో తీపి. మూసిన తలుపు ముందు ఆవిడ టోపీ పెట్టుకుని నిలబడుతుంది, పిల్ల ముఖం మాడ్చుకుంటుంది, జాగ్రఫీ అంతా ఏట్లో కలుస్తుంది అనుకుంది.

ఆరింటికి టాక్సీ వచ్చి ఆగింది. అల్లుడు పరుగున వెళ్లి తల్లిని రెండు చేతుల మీదా ఎత్తుకుని తెచ్చాడు. ఆవిడ కుడి మడమ బూరెలా పొంగింది. టోపీ లేదు.

"తలుపు నాలుగింటికే వేసేశారట" అంది సోఫాలో పళ్లు బిగించి. "పిల్ల ఒకటే ఏడుపు. పోనీ వెనక రాళ్ల మీంచి చూపిద్దామని తీసుకెళ్లాను. కాలు జారింది."

గువ్వ కళ్లు ఉబ్బి ఉన్నాయి. "అమ్మమ్మా, నువ్వు ఆరన్నావుగా?"

"టైము మార్చారేమో" అంది అమ్మమ్మ. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం చేరింది.

ఎముక విరగలేదు గానీ రెండు వారాలు కాలు కింద పెట్టొద్దన్నాడు డాక్టరు. "అమ్మ మన దగ్గరే ఉంటుంది" అన్నాడు అల్లుడు. ఎక్కడ ఉంచుతారు? అమ్మమ్మ గదిలోనే, కిటికీ పక్కనున్న ఆమె మంచం మీదే.

ఇక చూడాలి అమ్మమ్మ తిప్పలు. వారానికి ఒక్కరోజు మండేది ఇప్పుడు రోజూ మండటం మొదలైంది. బడి నుంచి రాగానే గువ్వ సంచీ విసిరేసి నానమ్మ పక్కలో దూరేది. ఎక్కాలు కూడా ఆవిడకే అప్పజెప్పేది. ఇద్దరూ దుప్పటి కింద అట్లాసు తెరిచి కిచకిచ నవ్వుకుంటుంటే, అమ్మమ్మ వేణ్నీళ్లు మోస్తూ, కాలికి కాపడం పెడుతూ గది లోపలికీ బయటికీ తిరిగేది. తను తవ్వుకున్న గోతిలో తనే పడ్డట్టయింది.

పైగా ఆవిడ మంచితనం ఒకటి! "మీకు శ్రమ ఇస్తున్నాను వదినగారూ" అని రోజుకు పదిసార్లు అనేది. ఆ మాట పుండు మీద కారం చల్లినట్టుండేది.

మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. కాపడం పెడుతూ పెడుతూ అమ్మమ్మ గుడ్డను గిన్నెలో పడేసింది.

"నాలుగింటికి మూస్తారని నాకు తెలుసు. కావాలనే ఆరన్నాను."

వియ్యపురాలు కాలు మెల్లగా వెనక్కి లాక్కుంది. "ఎందుకు?"

"పిల్ల మీ మెడకు చుట్టుకుంటుంటే ఓర్వలేకపోయాను. అంతకంటే ఏం చెప్పను?"

ఆవిడ దుప్పటిని కాలి మీద కప్పుకుంది. తర్వాత క్లాసులో పాఠం చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి అంది. "మీ అమ్మాయితో చెబితే మీతో మాట్లాడటం మానేస్తుంది. అందుకని చెప్పను. అంతమాత్రాన క్షమించాననుకోకండి."

ఆ రోజంతా అమ్మమ్మ చేతి టీ ముట్టలేదు.

శుక్రవారం సాయంత్రం గువ్వ మళ్లీ లైట్‌హౌస్ పాట అందుకుంది. "మీ అమ్మమ్మతో వెళ్లు" అంది నానమ్మ పుస్తకంలోంచి తలెత్తకుండా. గువ్వ ముఖంలో కనిపించిన అనుమానం అమ్మమ్మకు చురుక్కున తగిలింది.

శనివారం పదింటికల్లా వాళ్లు లైట్‌హౌస్ తలుపు ముందున్నారు. మెట్లు గుండ్రంగా, ఇరుకుగా, పైకీ పైకీ పోతూనే ఉన్నాయి. నూటముప్పై దాటాక అమ్మమ్మకు మోకాళ్లు పట్టేశాయి, ఊపిరి ఆడలేదు. పైకెక్కేవాళ్లకు దారి ఇచ్చి గోడకు ఒరిగి కూలబడింది.

"నానమ్మ అయితే ఆగకుండా ఎక్కేస్తుందిలే" అంది, పిల్ల అనకముందే తనే అనేస్తే నయమని.

గువ్వ ఆలోచించింది. "ఏమో. జలపాతం దగ్గర మాత్రం నాలుగుసార్లు కూర్చుంది. ఎవరికీ చెప్పొద్దంది." అని పక్కన చతికిలబడి, నీళ్ల సీసా మూత తీసి అందించింది. "నిదానంగా ఎక్కుదాం. నాలుగింటిదాకా ఉందిగా."

అమ్మమ్మ సీసా దించి పిల్ల ముఖంలోకి చూసింది. ఆ మాటలో దెప్పిపొడుపేమీ లేదు, ఉత్త లెక్క అంతే.

పైకి చేరాక గాలికి కళ్లలోంచి నీళ్లు కారాయి. ఎంత సముద్రం! ఇటు తిరిగితే ఊరంతా పరిచి ఉంది. కింద బస్సు అగ్గిపెట్టెలా వచ్చి ఆగింది. "అదిగో, అక్కడే నేను టీ తాగేదాన్ని" అంది. గువ్వ ఊరుకోలేదు. ఎన్నేళ్లు, విజిల్ ఎలా ఊదేదానివి, టికెట్ కొననివాళ్లను ఏం చేసేదానివి అంటూ ప్రశ్నల మీద ప్రశ్నలు. అమ్మమ్మ చెప్పింది. ఊళ్లోని రూట్లన్నీ వేలు పెట్టి చూపించింది. పక్కనున్న ఎవరో దంపతులు కూడా ఆగి విన్నారు. తిరుగు బస్సులో గువ్వ ఆమె భుజం మీద వాలి, నోరు తెరుచుకుని నిద్రపోయింది.

ఇంటికొచ్చేసరికి వియ్యపురాలు దిండ్లకు చేరగిలబడి ఉంది. "ఎలా ఉంది?" అని మామూలుగానే అడిగింది. గువ్వ మంచం మీదికెక్కి, "అమ్మమ్మకు పైనుంచి ఊరంతా తెలుసు నానమ్మా!" అని మొదలుపెట్టగానే ఆవిడ పెదవి బిగుసుకుంది. దుప్పటి అంచు వేళ్ల మధ్య నలిగింది. అమ్మమ్మ ఆ ముఖాన్ని వెంటనే గుర్తుపట్టింది. అద్దంలో రోజూ చూసే ముఖమే అది.

ఒక్క క్షణం లోపల హాయిగా ఉంది. తర్వాత సిగ్గేసింది. కుర్చీ లాక్కుని కూర్చుని మెట్లూ గాలీ అన్నీ వివరంగా చెప్పింది. భుజం మీద పడుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. అది తనకే ఉంచుకుంది.

"కాలు నయమయ్యాక మ్యూజియానికి వెళ్తాం" అంది ఆవిడ చివరికి. "అక్కడ కొత్త గది తెరుస్తున్నారట. టైము నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను." దిండు సర్దుకుంటూ, "మీరూ రండి" అంది.

అమ్మమ్మ వెళ్లింది. బస్సులో గువ్వ నానమ్మ పక్కన కూర్చుంటానని పేచీ పెట్టి అక్కడే కూర్చుంది. అమ్మమ్మకు ఎప్పట్లాగే మండింది. వెనక సీట్లో కూర్చుని, వదులైన పిల్ల జడను చెయ్యి చాచి మళ్లీ అల్లసాగింది, లాగకుండా.