డంక్వా నవ్వు

మా కుమాసీ పట్నంలో మనిషి పోతే ముందు పోస్టరు వేయించాలి, ఏడుపు ఆ తర్వాత. ఆ పోస్టర్లు చేసేది నేను.

లారీ డ్రైవర్ డంక్వా పోయినప్పుడు ఆయన భార్య డుఫీ ఒక్క ఫొటో పట్టుకొచ్చింది. అందులో ఆయన లారీ తలుపు మీద చెయ్యేసి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు.

"ఈ నవ్వు అందరికీ కనపడాలి తమ్ముడూ. మిగతాది నీ ఇష్టం," అని వెళ్లిపోయింది. అలా అడిగేవాళ్లకి చేసిన పనే పని. మిగతాదంతా వెట్టిచాకిరీ.

మర్నాడు డంక్వా వంశానికి పెద్ద ఒఫోసు వచ్చి కంప్యూటరు ముందు నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. "చావు పోస్టరులో ఇకిలింపేంటయ్యా? నోరు మూయించు."

మూయించాను. కోటు తొడగమంటే తొడిగాను. ఆ తర్వాత పోస్టరులో తమ పేర్లూ వేయాలని చుట్టాలు మొదలయ్యారు. లండన్‌లో ఉన్న మేనల్లుడి పేరు, వాడి ఉద్యోగం, వాడి ఫొటో. ఒకరిది వేస్తే ఇంకొకరికి కోపం. పేరు చేరినప్పుడల్లా డంక్వా ముఖం కుంచించుకుపోతూ వచ్చింది.

"ఇక చోటు లేదు పెద్దాయనా," అన్నాను.

"పోయినవాడికెందుకయ్యా అంత చోటు? నేను మాట పడేది బతికున్నవాళ్లతో కదా."

అంత్యక్రియలనాడు డుఫీ నల్లబట్టల్లో వచ్చి, గోడకున్న పోస్టరు ముందు నిలబడింది. బొటనవేలంత ముఖాన్ని వెతికి పట్టుకుని, కళ్లు చిట్లించి చూసింది.

"నవ్వుతున్నాడా? నా కంటికి ఆనటం లేదు."

నేను నోరు తెరిచేలోపే ఒఫోసు అందుకున్నాడు.

"నీ పేరు మొదటి వరుసలోనే వేయించానమ్మా, చూసుకో."