జేబు పక్క కుట్టు

మా కాన్వెంటు పాత విద్యార్థినులం శనివారాలు స్కూలు కుట్టుగదిలో చేరి, పిల్లలకి పొట్టయిపోయిన యూనిఫారాలు బాగుచేస్తాం. లోపల కుట్టిన పేర్లు విప్పి, చిరుగులు కలిపి, ఇస్త్రీ చేసి, కొత్తవాటితో పాటే ఒకే రకం కాగితంలో చుట్టి, కొనుక్కోలేని పిల్లల కోసం ఆఫీసులో ఇస్తాం. ఎవరిది ఎవరికి వెళ్లిందో తెలియకూడదు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదంటూ అప్పటి పెద్ద సిస్టర్ పెట్టిన రూలు అది.

ఆ రూలు నావల్లే వచ్చింది. ఐదో క్లాసులో నాకెవరో ఇచ్చిన స్కర్టు వేసుకుని వెళితే, "అది నా స్కర్టే!" అని ఒకమ్మాయి అరిచింది. ఆమె గొంతుకి అప్పటికే మైకు అని పేరు. సిస్టర్ ఆమెను క్లాసు ముందు నిలబెట్టి నాకు సారీ చెప్పించింది. దాంతో వినని నలుగురికీ తెలిసిపోయింది.

ముప్ఫై ఏళ్లయింది. ఇప్పుడు మైకూ నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. మిగతావాళ్లంతా ఏమే, ఒసే అనుకుంటారు. నేను మాత్రం ఆవిడని ‘మీరు’ అంటాను. కోపం దాచుకోవడంలో నాకు మా నాయనమ్మ పోలిక వచ్చింది.

మొన్న శనివారం ఒక ముసలావిడ పొట్లం పట్టుకుని వచ్చింది.

"మా మనవరాలు ఇక బడికి రానంటోందమ్మా. ఈ స్కర్టు ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఏమైంది పెద్దమ్మా?"

"ఎవరో పిల్ల, ‘ఇది మా అమ్మ కుట్టు, ఇది నాదే’ అందిట. క్లాసంతా చూశారట."

స్కర్టు తిప్పి చూశాను. పేరు శుభ్రంగా విప్పేశాను. కానీ జేబు పక్కన, మేకు తగిలి చిరిగినచోట, చాపలా అల్లి కలిపిన దారం అలాగే ఉంది. నేను టైలర్ని. ఆ అల్లిక ఊళ్లో నాకు తప్ప ఎవరికీ రాదు, విప్పడానికి మనసొప్పలేదు. స్కర్టు, ఏడాదిలో జానెడు ఎదిగిన నా కూతురిది.

ఇన్నేళ్లూ మైకుని తిట్టుకున్న తిట్లన్నీ మా గుమ్మంలోకే వచ్చిపడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

"సోమవారం దాన్ని క్లాసు ముందు నిలబెట్టి లెంపలేయిస్తా," అన్నాను.

"వద్దు." మైకు గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "నన్ను నిలబెడితే నీకేం ఒరిగింది? నేను సారీ చెబుతుంటే నువ్వు తలెత్తలేదు. ఇప్పటికీ నాకదే గుర్తు."

మైకే ముసలావిడ చేతిలో పొట్లం తిరిగి పెట్టింది. "సోమవారం ఒక్కరోజు పంపండి పెద్దమ్మా. ఆ తర్వాత మీ ఇష్టం."

ఇంట్లో అడిగితే నా కూతురు బావురుమంది. "నీ కుట్టు కనబడగానే సంతోషమేసి అనేశానమ్మా. ఏడిపించాలని కాదు."

మైకు కూడా అలాగే అనేసిందేమో. నేనెప్పుడూ అడగలేదు.

కళ్లు తుడుచుకుని నా కూతురే దారి చూపింది. "నా కొత్త స్కర్టుకీ అలాగే కుట్టవా? అప్పుడు ఏది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?"

ఆదివారం చర్చి అయ్యాక మైకుని ఇంటికి రమ్మన్నాను. బంగారంలాంటి కొత్త గుడ్డ మీద కత్తెర పెడుతుంటే టైలర్ ప్రాణం చివుక్కుమంది. "కలిపేది నేను," అంది మైకు. సూది ఇచ్చాను. ఆ కుట్టు చూస్తుంటే చేతులు దురదపెట్టాయి గానీ నోరు మూసుకున్నాను.

సోమవారం ఇద్దరం గేటు ఇవతల దొంగల్లా నిలబడ్డాం. ముసలావిడ మనవరాలిని చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఆ పిల్ల తల వంచుకునే ఉంది. నా కూతురు ఎదురెళ్లి, ఏమీ అనకుండా తన జేబు చూపించింది. ఆ పిల్ల వంగి చూసింది. తన జేబు చూసుకుంది. మళ్లీ చూసింది.

అప్పుడు తలెత్తింది.

"నాదే బాగుంది. నీదేంటే, ఇంత వంకర?"

ఇద్దరూ కిసుక్కున నవ్వారు. గంట మోగితే పరుగెత్తారు.

"విన్నావా దాని మాట?" అని మైకు ఉడుక్కుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"శనివారం కాస్త ముందుగా రావే," అన్నాను. "నీకా కుట్టు నేర్పాలి."