తడి ఆరని పడవలు

అమెరికాలో కరొలైనా కొండల్లో, ఏటి ఒడ్డున, ముళ్లకంచె వెనక అడెల్‌హైట్ ఓడ కళాసీలు ఉండేవాళ్లు. సముద్రం వాసన కూడా రాని చోటు. వరదకు కొట్టుకొచ్చిన దుంగలతో తలా ఒక గుడిసె వేసుకుని, మధ్యలో టీ కాచుకోవడానికి ఒక పాక నిలబెట్టుకున్నారు. పాక దూలానికి వరసగా కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక్కో మనిషి రేకు కప్పు. ఓడలోనూ అంతే ఉండేది. మనిషి చనిపోతేనో, ఓడ వదిలి పారిపోతేనో తప్ప అతని కప్పు కొక్కెం దిగదు.

పొయ్యికి దగ్గరి కొక్కెం రెమ్మర్‌ది. అతను ఓడ వడ్రంగి.

అడెల్‌హైట్ జర్మనీ వాళ్ల ప్రయాణికుల ఓడ. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు న్యూయార్క్ రేవులో చిక్కుకుపోయింది. బయట ఇంగ్లీషు యుద్ధనౌకలు కాచుకుని ఉన్నాయి. కదల్లేక, ఏళ్ల తరబడి గుంజకు కట్టిన గేదెలా అక్కడే ఉండిపోయింది. చివరికి అమెరికా కూడా యుద్ధంలోకి దిగుతోందని తెలిసి, యంత్రాలు పగలగొట్టమన్నాడు కెప్టెన్. పగలగొట్టారు. ఆ వెంటనే అమెరికా సిపాయిలు ఓడెక్కి, జెండా దించేసి, వీళ్లను ఈ కొండల్లోకి తోలారు.

రేవులో పడి ఉన్న ఆ ఏళ్లలో రెమ్మర్ మానకుండా చేసిన పని ఒక్కటే. ప్రతి శనివారం పైకి వెళ్లి, ఆపదలో దించే పడవల్లో బకెట్లతో నీళ్లు పోసేవాడు. చెక్క పడవ ఎండితే పలకలు కుంచించుకుపోయి సందులు పడతాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. నీళ్లలోకి దించితే జల్లెడే.

"ఎవడి పెళ్లిరా ఇవాళ, కల్లాపి చల్లుతున్నావు?" అని కింద నుంచి నవ్వేవాళ్లు. అతను నవ్వేవాడు కాదు, ఆపేవాడూ కాదు.

ఆకులు రాలే రోజుల్లో ఒక పొద్దున, కాపలా లెడ్‌ఫోర్డ్ కంచె అవతల వచ్చి నిలబడ్డాడు. ఆ కొండల మనిషే. పొగాకు ఓ పక్క బుగ్గకి తోసి పలకరించాడు.

"ఏవయ్యా వడ్రంగీ! మీ ఓడ బాగుచేశారంట."

రెమ్మర్ చేతిలో సుత్తి ఆగింది. "యంత్రాలు ముక్కలైపోయాయి కదయ్యా?"

"అతికించేశారు. బూడిదరంగు పూసి సిపాయిల్ని ఫ్రాన్సుకి మోస్తా ఉన్నారు. మా అబ్బాయి డ్యూయీ దాంట్లోనే కళాసీగా ఎక్కాడు. ఈ ఏట్లో మోకాల్లోతు దాటి ఎరగడు వాడు." పొగాకు ఉమ్మి అడిగాడు. "ఓడ గట్టిదేనా?"

"గట్టిదే."

"ఏదన్నా అయితే పడవలున్నాయా?"

"ఉన్నాయి."

"సరే. వాళ్లమ్మకి చెప్తా, నిద్రన్నా పోద్ది."

లెడ్‌ఫోర్డ్ వెళ్లిపోయాడు. ఆ రోజు రెమ్మర్ తన గుడిసె తలుపుకు బందు బిగించలేకపోయాడు. మేకు వంకర పోయిన ప్రతిసారీ పీకి మళ్లీ కొట్టాడు.

సాయంత్రం పాకలో అందరూ ఉండగా సంగతి చెప్పాడు. "ఆ పడవలకి ఎవరూ నీళ్లు పెట్టి ఉండరు. రంగు పూసి ఊరుకుని ఉంటారు. చెప్పాలి."

కళాసీల పెద్ద, సరంగు ఫోల్కర్ట్ కప్పు కింద పెట్టాడు. "ఎవరికి చెప్తావు?"

"లెడ్‌ఫోర్డ్‌కి."

"మా తమ్ముడు ఫ్రాన్సులో కందకంలో ఉన్నాడ్రా. ఆ ఓడ పోయిన ప్రతిసారీ వాడి మీదకి ఎంతమందిని దింపుతోందో ఎప్పుడన్నా ఆలోచించావా?"

"నీళ్లలో పడ్డవాడు ఎవరి మీద కాలుస్తాడు సరంగన్నా?"

"వాణ్ని పైకి లాగితే రేపు కాలుస్తాడు." ఫోల్కర్ట్ గొంతు పెంచలేదు. "చెప్పుకో పో. నీ కప్పు సంగతి మాత్రం మమ్మల్ని అడక్కు."

రెమ్మర్‌కి ఈ దేశంలో ఉన్నది ఆ కొక్కేల కింద కూర్చునే మనుషులే. తన ఊరి మాట మాట్లాడేది వాళ్లే. తెల్లారేదాకా అదే తలుచుకున్నాడు. పొద్దున్నే కంచె దగ్గరికి వెళ్లి, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు.

"మీవాడికి చెప్పండి. పడవల్లో నీళ్లు పొయ్యాలి. వారం వారం. చెక్క తాగాలి."

లెడ్‌ఫోర్డ్ తల ఊపాడు.

మధ్యాహ్నానికి రెమ్మర్ కప్పు అతని గుడిసె గడప మీద ఉంది. కడిగి, బోర్లించి పెట్టారు.

ఆ తర్వాత అతను గుడిసెలోనే టీ కాచుకున్నాడు. కప్పులో కలకండ ముక్క వేసి వేడి టీ పోస్తే చిటుక్కుమని పగులుతుంది. వాళ్ల ఊళ్లో ఆ చప్పుడుతోనే కబుర్లు మొదలవుతాయి. ఇక్కడ ఆ చప్పుడొక్కటే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అతను పాక పక్కగా పోతే మాటలు ఆగేవి, దాటాక మొదలయ్యేవి. కొన్నాళ్లకి లెడ్‌ఫోర్డ్‌ని వేరే చోటికి మార్చారు. తన మాట సముద్రం దాకా చేరిందో లేదో చెప్పే మనిషి లేకుండా పోయాడు.

యుద్ధం ముగిసింది. ఫోల్కర్ట్ తమ్ముడు కందకంలోనే పోయాడు. రెమ్మర్ రెండుసార్లు సరంగు గుడిసె దాకా వెళ్లి, తలుపు తట్టకుండానే వెనక్కి వచ్చాడు.

అందర్నీ రైలెక్కించి రేవుకు తెచ్చారు. ఇంటికి తీసుకెళ్లడానికి అక్కడ నిలబడి ఉన్నది అడెల్‌హైట్. ఒళ్లంతా బూడిదరంగు. పేరు ఉండాల్సిన చోట ఒక అంకె. తాము నడిపిన ఓడలోకి సంచులు మోసుకుంటూ ప్రయాణికుల్లా ఎక్కారు.

ఓడ కదిలిన మొదటి శనివారం రెమ్మర్ పైకి వెళ్లాడు. పడవ మీది గుడ్డ కిందుగా చెయ్యి పోనిచ్చాడు. పలకలు చల్లగా, ఉబ్బి, ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. చెయ్యి తడిసింది.

"ఏయ్ పెద్దాయనా, ఇక్కడికి రాకూడదు." అమెరికా కళాసీ ఒకడు బకెట్‌తో వచ్చాడు.

"నీళ్లు ఎందుకు?"

"ఏమో. నేనెక్కేసరికే ఉంది ఈ అలవాటు. శనివారం వీటికి స్నానం."

"డ్యూయీ లెడ్‌ఫోర్డ్ అని..."

"ఎందరు మారారో ఈ ఓడ మీద. నాకు తెలీదు. తప్పుకో."

బకెట్ అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని రెమ్మర్ కిందికి దిగాడు.

పాత భోజనాల గదిలో తనవాళ్లంతా నిలబడి ఉన్నారు. దూలానికి ఆ కొక్కేలు ఇంకా ఉన్నాయి. రంగు మీద రంగు పూసి పూసి పూడుకుపోయాయి. కప్పు చెవి దూరదు. ఎవరి కప్పు వాళ్ల చేతుల్లోనే ఉంది. ఫోల్కర్ట్ తలెత్తి రెమ్మర్ తడి చేతిని చూశాడు. ఆ రోజు శనివారమని అతనికీ తెలుసు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

రెమ్మర్ చివర్న నిలబడ్డాడు. చెయ్యి తుడుచుకోలేదు.