ఒక్క ఊపు చదువు

సత్యవేణి ఉయ్యాలని ఒక్క ఊపు ఊపితే, అది వెళ్ళి తిరిగొచ్చేలోగా ఒక పేజీ చదువుకోవచ్చు. కాస్త గట్టిగా ఊపితే రెండు పేజీలు. సామర్లకోటలో ఆ ఇంటి హాలు చిన్నదే. మంచం, కుట్టుమిషను పోగా మిగిలిన చోట ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. అయితే ఉయ్యాల కదిలినప్పుడు మాత్రం హాలు దానికి కావలసినంత దారి ఇస్తుంది. గోడ వెనక్కి జరుగుతుంది, గోడకున్న క్యాలెండరు తపాలా బిళ్ళంత అవుతుంది, చీర ఉయ్యాల అందులోని పసిపిల్లతో సహా ఆ దూరంలోకి వెళ్ళిపోతుంది.

ఇందులో ఇంట్లో ఎవరికీ వింతేమీ కనపడదు. "పాత నేత చీర కదా, సాగుద్ది," అంటుంది అత్తగారు సూరమ్మ. ఆ చీర ఆవిడదే. ఆవిడ పిల్లలందరూ అందులోనే ఊగారు.

సత్యవేణి డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా పెళ్ళయింది. పెళ్ళయ్యాక పూర్తి చేద్దువుగాని అన్నారు. పెళ్ళయ్యాక, కడుపుతో ఉన్నావు, కాన్పు అవనీ అన్నారు. కాన్పయింది. ఇంకో మాట ఎవరికీ తట్టకముందే ఆమె దూరవిద్యలో పేరు రాయించేసుకుంది. దూరవిద్య అంటే కాలేజీకి దూరంగా ఉండి చదవడం అనుకుంది. దేనికి దూరంగా అన్నది ఆ పుస్తకాల మీద ఎక్కడా అచ్చు వెయ్యలేదు.

పుస్తకాల కట్ట వచ్చిన రోజు సూరమ్మ గొడవే చేసింది. కోడలి తలకి గుడ్డ బిగించి కట్టి, చెవుల్లో దూది కూరి, సాంబ్రాణి పొగ వేస్తూ, "బాలింతవి. ఇప్పుడు చదివితే కళ్ళు లాగేత్తాయే అమ్మాయ్. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దోళ్ళు ఊరికే అన్నారా?" అంది. కోడలి ముఖం చూశాక ఆవిడ మనసే కరిగింది. "సరేలే, చదివితే చదువు. నానబెట్టకుండా ఒక్క ఊపున చదివెయ్," అంది.

చెవుల్లో దూది మూలాన సత్యవేణికి అందులో 'ఒక్క ఊపు' అన్నదే స్పష్టంగా వినిపించింది. ఆ మాట ఉన్నదున్నట్టుగా పట్టుకుంది. ఉయ్యాలని ఒక్క ఊపు ఊపి, పుస్తకం తెరిచింది. అలా మొదలయింది.

పిల్లకి ఇంకా పేరు పెట్టలేదు. బారసాల అంటే చుట్టాలు, వంటలు, పదిమంది రాకపోకలు. పరీక్షలయ్యాక చేద్దామని సత్యవేణే ఆపించింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ దాటింది, పిల్ల ఉయ్యాలలో కాళ్ళు ఆడిస్తోంది, పేరొక్కటే లేదు. సూరమ్మ బంగారం అంటుంది, భర్త భద్రం బుజ్జీ అంటాడు. సత్యవేణి ఏమీ అనదు. ఉయ్యాల దగ్గరికొచ్చి పిల్ల నోరు తెరవగానే, పేజీ మీంచి కళ్ళు తియ్యకుండా, "ఉండమ్మా, ఈ ఒక్క పేజీ అవనీ. ఉండు," అంటుంది. అని, మళ్ళీ ఊపుతుంది. పిల్ల మంచిది, మారాం చెయ్యదు. ఉండు అనగానే నోరు మూసుకుని, పెద్ద పెద్ద కళ్ళతో తల్లిని చూస్తూ దూరమవుతుంది.

ఒక మధ్యాహ్నం సత్యవేణి ఋతుపవనాల పాఠం చదువుతూ ఉంటే ఉయ్యాల తిరిగొస్తుంది. చూస్తే పిల్ల అరికాలికి దిష్టిచుక్క ఉంది. కాటుక ఇంకా తడిగానే ఉంది.

"మీరు పెట్టారా అత్తయ్యా?"

"నేనెక్కడ పెట్టానే? నా చేతుల్నిండా పిండి ఉంటే!"

కాటుక బరిణె అలమరలో మూత బిగిసి ఉంది. సత్యవేణి ఆ చుక్కని చాలాసేపు చూస్తుంది. ఎవరు పెట్టారో గానీ చక్కగా, గుండ్రంగా పెట్టారు. పొద్దున్న స్నానం చేయించాక తనే పెడదామనుకుంది, ఈలోగా పాఠం గుర్తొచ్చి మరిచిపోయింది. అవతల ఎవరో మరిచిపోలేదు. అయినా పేజీ సగంలో ఉంది. ఊపుతుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ అవతలే అయిపోతూ వస్తుంది. ఒకసారి పిల్ల నవ్వేసి వస్తుంది. నవ్వు అయిపోయింది, పెదాల చివర దాని తడి మాత్రం ఉంది. అది మొదటి నవ్వు. పొరుగింటావిడ కిటికీలోంచి, "నవ్వుతోందా పిల్ల?" అని అడిగితే, "నవ్విందంట," అంటుంది సత్యవేణి, పక్క ఊరి సంగతి చెప్పినట్టు. ఇంకోసారి పిల్ల పన్నుతో వస్తుంది. ఇంకోసారి చెవులు కుట్టించుకుని వస్తుంది, ఏడ్చిన చారలు బుగ్గల మీద ఎండిపోయి ఉంటాయి. ఎవరు ఊరుకోబెట్టారో తెలియదు. ఆ చారలు తన కొంగుతో తుడుద్దామంటే ఎండిన కన్నీళ్ళు తుడుపుకి రావు.

సత్యవేణి ఆ రోజు పుస్తకం మూసి పక్కన పెడుతుంది. పెట్టి, భర్త అన్నం తింటూ ఉంటే అడుగుతుంది.

"అటు పక్క ఎవరైనా పట్టుకుంటే ఇంత దూరం పోదు కదండీ?"

"నేను లేనా ఏంటి?" అంటాడు భద్రం.

భద్రం బియ్యం మిల్లులో పని చేస్తాడు, చెడ్డవాడు కాదు. చెయ్యి కడుక్కుని, లుంగీ ఎగ్గట్టి, గోడ వైపు నడుస్తాడు. గోడ ఆయనకి దారి ఇవ్వదు. క్యాలెండరు దగ్గర ముక్కు తగిలి ఆగిపోతాడు. "ఇంతేనే, హాలు ఇక్కడితో అయిపోయింది," అని కేకేస్తాడు. ఉయ్యాల ఆయన తల మీదుగా వెళ్ళిపోతుంది. అందుకుందామని చేతులు ఎత్తబోయేసరికి జేబులో ఫోను మోగుతుంది. ఫోనులో మాట్లాడుతూనే, పట్టుకుంటాలే అన్నట్టు సైగ చేస్తాడు. మాట అయ్యేసరికి ఉయ్యాల రావడమూ పోవడమూ కూడా అయిపోతాయి.

"చూశా కదా, బానే ఊగుతోంది," అని మిల్లుకి వెళ్ళిపోతాడు.

ఇంకెవరినీ అడగదు సత్యవేణి. పుస్తకం మళ్ళీ తెరుస్తుంది. చదువు మీద ఆమెకి ఉన్నది అందరూ అనుకునే సరదా కాదు. పెళ్ళి శుభలేఖ మీద తన పేరు పక్కన డిగ్రీ ఉండాల్సిన చోట ఖాళీ వదిలి అచ్చు వేయించారు. ఆ ఖాళీ అప్పటినుంచీ ఆమెతోనే ఇంట్లో తిరుగుతోంది, కూర్చుంటే పక్కన కూర్చుంటుంది.

పరీక్ష దగ్గర పడ్డ రోజుల్లో పిల్లకి మాట వస్తుంది. ఉయ్యాల అంచు పట్టుకుని నిలబడి, తల్లి ముఖంలోకి చూసి, "ఉండు," అంటుంది. ఉగ్గుపాలతో పెట్టిన విద్య ఎక్కడికి పోతుంది!

సత్యవేణి నవ్వబోయి ఆగిపోతుంది.

"అమ్మ అనమ్మా. అమ్మ."

"ఉండు," అంటుంది పిల్ల తన గుండె మీద చెయ్యి పెట్టుకుని.

వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్న సూరమ్మ తల తిప్పుతుంది. "అది తన పేరనుకుంటోందే పిచ్చిదానా. నువ్వు దాన్ని ఇంకేమని పిలిచావు గనక?"

పేరు పెట్టేద్దాం, పరీక్ష అవగానే పెట్టేద్దాం అనుకుంటుంది సత్యవేణి. ఆ మాట లోపల చాలాసార్లు అనుకుంటుంది.

పరీక్ష రోజు వస్తుంది. హాలు టిక్కెట్టు రవికలో పెట్టుకుని, పిల్లకి పాలిచ్చి, ఉయ్యాలలో పడుకోబెడుతుంది. ఈసారి పేజీకి సరిపడా ఊపు చాలదు, పరీక్షకి సరిపడా ఊపు కావాలి. చీర రెండు చేతులా పట్టుకుని, గోడకి వీపు ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊపుతుంది. ఎదుటి గోడ కనుచూపు మేర దాటి వెళ్ళిపోతుంది. క్యాలెండరు కనపడదు. "ఉండు," అన్న చిన్న గొంతు ఒకటి వినిపించి, అదీ సన్నగిలిపోతుంది.

పరీక్ష బాగా రాస్తుంది. అడిగినవన్నీ ఆమె చదివినవే. మధ్యలో పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతుంది. పైట సర్దుకుని రాస్తుంది. అక్కడి మాస్టారు ఆమె ముందే నిలబడి కాగితాలు దిద్ది, "ఫస్టు క్లాసు అమ్మా. నిన్ను చూసి మీ పాప గర్వపడుతుంది. పేరేంటి పాపది?" అంటాడు. సత్యవేణి ఆయనకి థాంక్సు చెప్పి బయటికొచ్చేస్తుంది.

ఇంటికొచ్చేసరికి సూరమ్మ కోడలి నోట్లో పంచదార పోస్తుంది. పంచదార ఇంకా కరగలేదు, ఉయ్యాల తిరిగొస్తుంది. ఖాళీగా వస్తుంది.

చీర మడతల్లో చెయ్యి పెట్టి వెతుకుతుంది సత్యవేణి. పిల్ల పడుకున్న గుంట వెచ్చగానే ఉంది.

"దిగిపోయినట్టుందే," అంటుంది సూరమ్మ నెమ్మదిగా. "అంతదూరం పోయాక నడకొచ్చి ఉంటది. పిలు, వచ్చేద్ది."

"ఏమని పిలవను అత్తయ్యా?"

సత్యవేణి హాలు మధ్యలో నిలబడి నోరు తెరుస్తుంది. ఎంత చదివింది! ఎన్ని నదుల పేర్లు, ఎన్ని గాలుల పేర్లు, ఎక్కడెక్కడి కొండల పేర్లు నోటికొచ్చు. కన్నపిల్లని పిలవడానికి ఒక్క పేరు లేదు. చివరికి తెలిసిన మాటతోనే గొంతు చించుకుంటుంది.

"ఉండూ! ఉండమ్మా! ఉండూ!"

పిల్ల మంచిది. తల్లి ఉండు అంటే ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. అక్కడే ఉండిపోతుంది.

ఆ సంగతి అర్థమయ్యాక సత్యవేణి నేల మీద కూలబడి ఏడుస్తుంది. ఎందుకు చదివానా అని ఏడవదు. ఒక్కసారి, ఒక్క పేజీ దగ్గర వేలు పెట్టి ఆపి, పేరు పెట్టకపోయానే అని ఏడుస్తుంది. లేచి ఉయ్యాల పట్టుకుంటుంది. దీన్ని మళ్ళీ పంపితే పిల్ల ఎక్కి రావచ్చు.

"ఆగవే!" సూరమ్మ చెయ్యి పట్టుకుంటుంది. "ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. పిల్లకి కడుపునొప్పొస్తది. ఎక్కడున్నా వస్తది."

సత్యవేణి పుస్తకాలన్నీ తెచ్చి ఉయ్యాలలో వేస్తుంది. ఊపుతుంది. ఉయ్యాల కదలదు. పుస్తకాలు తీసేసి, చెప్పులు విప్పి, తనే ఎక్కి ముడుచుకుని పడుకుంటుంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. సూరమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, కోడలి చెవుల్లో కొత్త దూది పెట్టి, కొంగు నడుముకి దోపి, ఒక్క ఊపు ఊపుతుంది. ఐదుగురు పిల్లల్ని ఊపిన చెయ్యి అది.

హాలు సాగుతుంది. దారి పొడుగునా గోడలకి తెలిసిన వస్తువులే తగిలించి ఉన్నాయి. ఒక మేకుకి మొదటి నవ్వు, ఇంకో మేకుకి మొదటి అడుగు, తడిబట్టల్లా ఆరేసి ఉన్నాయి. చెయ్యి చాస్తే అందేలోపు ఉయ్యాల దాటిపోతుంది.

అవతలి కొసన ఇలాంటి హాలే ఉంది. మంచం, కుట్టుమిషను, ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగిలేంత చోటు. అక్కడ ఎదిగిన పిల్ల ఒకతి పుస్తకం చదువుకుంటూ కూర్చుంది. ఆమె కుడిచేతి చూపుడువేలికి కాటుక మరక ఉంది. సత్యవేణి ఆ వేలిని చూస్తుంది.

"నిన్ను ఎవరు పెంచారమ్మా?"

"నేనే పెంచుకున్నాను," అంటుంది ఆ పిల్ల కోపం లేకుండా. "చదువు మధ్యలో ఖాళీ దొరికినప్పుడు."

"చెవులు కుట్టించినప్పుడు ఏడ్చావు కదా. ఎవరు ఊరుకోబెట్టారు?"

"ఎంతసేపని ఏడుస్తాను? పాఠం ఉంది కదా."

సత్యవేణి ఉయ్యాలలోంచి చెయ్యి చాస్తుంది. చెయ్యి చిన్నదిగా ఉంది. వేళ్ళు ముడుచుకుపోతున్నాయి, విప్పితే విడివడడం లేదు. నోట్లో పళ్ళు ఒక్కొక్కటే మెత్తబడి పంచదారలా కరిగిపోతున్నాయి. ఇంకా మాట ఉండగానే అడగాలి. ఊరంతా పిలిచేలా, ఈ దూరం నుంచి ఆ దూరానికి వినపడేలా ఒక్కసారి పిలవాలి.

"నీ పేరేంటమ్మా?"

పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తదు.

"ఉండు," అంటుంది.

సత్యవేణి బుద్ధిగా ఉంటుంది. ఈ పేజీ అవగానే చెబుతుంది. పిల్ల ఎడమ చేత్తో పేజీ తిప్పి, కుడి చూపుడువేలిని కాటుకలో ముంచి, చూడకుండానే చాచి, ఉయ్యాలలోని చిన్న అరికాలికి గుండ్రంగా చుక్క పెడుతుంది. తర్వాత అదే చేత్తో ఉయ్యాలని ఒక్క ఊపు ఊపుతుంది.