అంటు

మా ఆయనకి మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటల్లోంచి కూడా సరిగ్గా తప్పుమాటే ఏరుకుంటాడు.

నా రోగం పేరు తెలిసిన రోజు సాయంత్రం జరిగింది అదే. అంతకుముందు ఏళ్ల తరబడి కడుపుబ్బరం, నోటిపూత, నిలబడితే కళ్లు తిరగడం, దువ్వెన నిండా జుట్టు. అత్తగారు వీటన్నిటికీ కలిపి బద్ధకం అని పేరు పెట్టింది. డాక్టరమ్మ మాత్రం సీలియాక్ అంది. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే జిగురు, గ్లూటెన్, నా పేగుని కోసేస్తోందట. మందు లేదట, తినకపోవడమే మందట. రవ్వంత కూడా తగలకూడదు, పిండి అంటిన చెంచా నా గిన్నెలో పెట్టినా చాలు, పేగు మళ్లీ పుండవుతుందని చెప్పి, "ఇంతకీ మీ ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు?" అని అడిగింది.

"రొట్టెలు" అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి నా వైపు జాలిగా చూసింది. నాకు నవ్వొచ్చింది. కింద కొట్టు, వెనక రొట్టెలు కాల్చే బట్టీ, పైన మా గదులు. మెట్ల మీద పిండి, కిటికీ ఊచల మీద పిండి, అత్తగారి కనుబొమల మీద పిండి. ఆ ఇంట్లో గాలి పీల్చినా సగం రొట్టె తిన్నట్టే. నేను పగలంతా కళ్లద్దాల షాపులో అద్దాలు సానపట్టే పనికి పోతాను కాబట్టి ఆ మాత్రమైనా బతికున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పి నేను మెట్ల మీదే కూలబడ్డాను. మా ఆయన వంటగదిలోకి వెళ్లి వాళ్లమ్మకి చెప్పాడు. అంతా నాకు వినబడుతూనే ఉంది.

"దానికి అంటుకోకూడదమ్మా. గిన్నెలు, చెంచాలు, తువ్వాలు, అన్నీ వేరుగా ఉండాలి. కొంచెం తగిలినా ప్రమాదమేనట."

"ఏం రోగంరా అది?"

"ఏదో ఇంగ్లీషు పేరు. అంటు లాంటిదనుకో."

ఆ మహానుభావుడి నోట్లోంచి గోధుమ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. లోపల కత్తి కింద పెట్టిన చప్పుడైంది. "పిచ్చుకా, ఇలా రా" అని అత్తగారు పిలిచింది. పిచ్చుక అంటే మా ఐదేళ్ల కూతురు. కొట్టు బల్ల మీద రాలిన రొట్టె పొడి ఏరుకు తింటుందని వాళ్ల నానమ్మే ఆ పేరు పెట్టింది.

మర్నాటికి నాకు వేరే అర, వేరే పొయ్యి, వేరే తోముడుపీచు. అడగకుండానే. నేను నిజంగానే పొంగిపోయాను. షాపులో పనిచేసే తోటి మనుషులకి కూడా మా అత్తగారు బంగారమని చెప్పుకున్నాను. అన్నం, కూర, గుడ్డు, పండు, ఇవే తింటూ, ఏ పొట్లం కొన్నా వెనక చీమతలంత అక్షరాలు షాపులో భూతద్దం పెట్టి చదువుతూ నా తంటాలు నేను పడ్డాను. సాస్ సీసాలో గోధుమ ఉంటుందని ఎవరనుకుంటారు? ఎవరి పుట్టినరోజైనా కేకు ముక్క చేతిలో పెట్టుకుని, అందరూ అటు తిరిగాక పక్కవాళ్ల పళ్లెంలోకి తోసేసేదాన్ని. మెల్లగా నోటిపూత తగ్గింది. మెట్లెక్కితే ఆయాసం పోయింది.

ఒకరోజు నా గ్లాసు తోమేచోట పడి ఉంటే అత్తగారు దాన్ని పట్టకారుతో ఎత్తి వేడినీళ్లలో ముంచింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆవిడ నన్ను చూసి కొంచెం కూడా తడబడలేదు.

"ఎవరి జాగ్రత్త వాళ్లది అమ్మాయ్. ఒక్క మాట విను. ఈ సంగతి గడప దాటకూడదు. అంటురోగం ఉన్న ఇంట్లో రొట్టె ఎవడు కొంటాడు?"

అప్పటికి గానీ నాకు బుర్ర వెలగలేదు. పిచ్చుక పడక నానమ్మ గదిలోకి ఎందుకు మారిందో, నేను ముద్దు పెట్టుకోబోతే అది మొహం ఎందుకు తిప్పుకుంటోందో అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నా ఒళ్లు మండిపోయింది.

"అత్తయ్యా, ఇది అంటురోగం కాదు. నాకు గోధుమ పడదు, అంతే. పిండి నాకు అంటకూడదు. నేను ఎవరికీ అంటుకోను."

"అయితే నా కొడుకు అబద్ధం చెప్పాడా?"

కొడుకు బట్టీ దగ్గర చేతులకి పిండితో నిలబడి ఉన్నాడు. వెళ్లి నిలదీశాను. గోడ మీద పిల్లిలా కాసేపు అటూ ఇటూ చూసి అన్నాడు.

"నిజం చెప్తే ఏమవుతుందో తెలుసా? చిటికెడు పిండికి ఇంత గోలేంటని అన్నీ కలిపేస్తుంది. ఇప్పుడు భయం ఉంది కాబట్టి నీ గిన్నె జోలికి రావట్లేదు. నీకు కావాల్సింది అదేగా."

తెలివైన మాటే. నాకు కోపం వచ్చింది కూడా అందుకే. వాడి పిరికితనంలో నా ఆరోగ్యం దాక్కుని ఉంది. తర్వాత చెబుదాంలే అని వాడన్నాడు, సరే అని నేను ఊరుకున్నాను. నాకు కండ పట్టింది. నా కూతురు మాత్రం నాకు బారెడు దూరంలో నిలబడి మాట్లాడటం నేర్చుకుంది.

ఆ దూరం నుంచే చూశాను దాని పొట్టని. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి, పొట్ట మాత్రం బిగిసి ముందుకొచ్చింది. పెదవి లోపల తెల్లటి పూత. మధ్యాహ్నం బడిలో బల్ల మీదే నిద్రపోతోందని టీచరు చెప్పింది. ఆ నీరసం నేను అనుభవించిందే, నాకు ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. అత్తగారు మాత్రం బలానికని పాలల్లో రొట్టె ముంచి రోజూ మూడు పూటలా పెడుతోంది.

నేను బడి నుంచే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. సూది గుచ్చుతుంటే అది ఏడ్చింది గానీ నా చెయ్యి పట్టుకోలేదు, నర్సు చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ రెండోసారి కూడా రక్తం తీయించి చూసి, పిల్లకీ ఇదే అంది. ఇది నెత్తుట్లో వస్తుంది, తల్లికి ఉంటే పిల్లకి రావచ్చు, ఇప్పుడే మానిపిస్తే ఎత్తు కూడా ఎదుగుతుంది, మానకపోతే ఇంతే అంది.

ఇంటికొచ్చి మా ఆయన్నీ అత్తగారినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. గోధుమ అన్న మాట పదిసార్లు అన్నాను.

అత్తగారు సాంతం విని, "రొట్టెల కొట్టులో పుట్టిన పిల్ల రొట్టె మానేస్తే ఏం తిని బతుకుతుంది? నీ నీడ తగిలి కాస్త నలిగింది, ఇంకా అంటుకోలేదు. నువ్వు దూరంగా ఉంటే అదే తగ్గుతుంది" అంది.

"డాక్టరు చెప్పింది అత్తయ్యా."

"డాక్టరుకి రొట్టెల గురించి ఏం తెలుసు?"

మా ఆయన గోరు గిల్లుకుంటూ కూర్చున్నాడు. నేను లేనప్పుడు పిల్లకి రొట్టె పెట్టనివ్వనని మాటిచ్చాడు. వారం తిరక్కుండానే పిచ్చుక దిండు కింద రస్కులు దొరికాయి. ఆ వేళ అది రెండుసార్లు వాంతి చేసుకుంది.

"ఎవరు పెట్టారే?"

"నానమ్మ నీకు చెప్పొద్దంది. నీ అన్నం తింటే నీలాగా అయిపోతానంది."

వేరే కాపురం పెడదామన్నాను మా ఆయనతో. బట్టీ ఎవరు చూస్తారన్నాడు. అయితే నేనూ పిల్లా వెళ్తామన్నాను. అమ్మని అడగమన్నాడు. అడిగాను. మా షాపు యజమానురాలు పైగది ఇస్తానందని, బడి కూడా దగ్గరేనని, కావాలంటే రోజూ వచ్చి చూడొచ్చని, ఇంత మర్యాదగా జీవితంలో ఎవరినీ అడగలేదు.

"నువ్వు పోతే పో. పీడా పోతుంది. పిల్ల మాత్రం గడప కదలదు. ఏదీ, రమ్మని పిలిచి చూడు, నీ వెనక వస్తుందేమో."

పిలిచాను. పిచ్చుక నానమ్మ చీర కుచ్చిళ్ల వెనక్కి వెళ్లి నిలబడింది. అత్తగారి మొహంలో వెలుగు చూసి, ఈ మనిషి మీద నాకు ఇక జాలి అక్కర్లేదనుకున్నాను.

సెలవు రోజు పొద్దున కొట్టు కిటకిటలాడుతుంది. వేడి రొట్టెల కోసం వీధి చివరిదాకా మనుషులు. ఆ రోజు నేను మెట్లు దిగి వచ్చేసరికి అత్తగారు పిచ్చుకని బల్ల మీద కూర్చోబెట్టి, బన్ను తుంచి దాని నోట్లో పెడుతోంది. అది కొరికి వదిలేసిన ముక్క తన నోట్లో వేసుకుంటోంది. "మా బన్ను కోసం మనవరాలు ఎలా నోరు తెరుస్తుందో చూడండి" అని వచ్చినవాళ్లకి చూపిస్తోంది. అందరూ ముద్దుగా నవ్వుతున్నారు. నన్ను చూసి ఇంకో ముక్క తుంచింది. కావాలనే, నా కళ్లలోకి చూస్తూనే.

నేను అరవలేదు. అంతమంది ఒకేసారి మాట్లాడే చోట వినబడేంత గొంతుతో, నెమ్మదిగా చెప్పాను.

"అత్తయ్యా, మీరన్నదే నిజం. నా అంటురోగం పిల్లకి అంటుకుందట. డాక్టరు తేల్చేసింది."

కొట్టులో సందడి ఆగిపోయింది. అత్తగారి చెయ్యి పిల్ల నోటి దగ్గరే ఆగిపోయింది.

"దాని ఎంగిలి మీరు తింటున్నారు. మీక్కూడా వచ్చే ఉంటుంది. ఆ చేతులతోనే రొట్టెలు ఇస్తున్నారు, ఒక్కసారి చూపించుకోండి."

ముందు వరసలో ఉన్న దర్జీ చేతిలోని రొట్టె మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. వెనకెవరో "అంటురోగమా?" అన్నారు. ఆ మాట ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి పాకి వీధిలోకి వెళ్లింది. మనుషులు ఒక్కొక్కరే జారుకున్నారు.

చప్పుడు ఆగిపోయిందని మా ఆయన బట్టీ గదిలోంచి వచ్చాడు. మోచేతుల దాకా పిండి. ఆ క్షణంలో నిజం చెప్పగలిగింది వాడొక్కడే, చెబితే అందరూ నమ్మేది కూడా వాడినే. అది అంటురోగం కాదు, నేనే తప్పుగా చెప్పాను, అంటే చాలు. కొట్టు నిలబడుతుంది, పిల్ల ఆ బల్ల మీదే ఉండిపోతుంది. వాడు నన్ను చూశాడు, వాళ్లమ్మని చూశాడు, నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. నాకు మేలు చేద్దామనో, అలవాటు కొద్దీనో నాకు ఇప్పటికీ తెలీదు.

అత్తగారు చేతిలోని బన్ను ముక్క కింద పడేసింది. చెయ్యి వెనక్కి లాక్కుని కొంగుకి తుడుచుకుంది. పిచ్చుక అలవాటుగా నానమ్మ మీదికి వాలబోయింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. పిల్ల పట్టు తప్పి బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

"తీసుకుపో" అంది అత్తగారు. "దీన్ని తీసుకుపో ఇక్కణ్నుంచి."

అన్నాళ్లు నేను బతిమాలి అడిగింది ఆ ఒక్క మాట కోసమే.

వీధిలో పిచ్చుక నాకు బారెడు దూరంలో నడిచింది. సందు మలుపు తిరిగాక అడిగింది.

"నాకు కూడా అంటు వచ్చిందా అమ్మా?"

ఇంకా ఆ చుట్టుపక్కల మనుషులున్నారు. "వచ్చింది" అన్నాను.

"అయితే ఇప్పుడు నిన్ను ముట్టుకోవచ్చు కదా?" అని నా వేలు పట్టుకుంది. ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

కొట్టు మూతపడుతుందనుకున్నాను. పడలేదు. రోగం ఇంట్లోంచి పోయిందని, బల్లలన్నీ వేడినీళ్లతో కడిగించానని అత్తగారు అందరికీ చెప్పుకుంది. జనానికి రొట్టెలు కావాలి, మళ్లీ వచ్చారు. మా ఆయన పిల్ల బట్టలు తెచ్చి ఇచ్చాడు. దేంట్లో తెచ్చాడంటే, దులిపిన పిండి సంచీలో. నేను అన్నీ మూడేసి సార్లు ఉతికి ఆరేశాను. వాడు గుమ్మంలోనే నిలబడి, "అమ్మకి మెల్లగా చెప్తాలే" అన్నాడు.

పైగదిలో పిచ్చుక పొట్ట మెత్తబడింది. బుగ్గలు వచ్చాయి. ఒకే గిన్నెలో అన్నం కలుపుకుని ఇద్దరం తింటున్నాం. పొట్లాల వెనక గ్లూటెన్ అన్న మాట ఎక్కడుందో వెతకడం దానికి ఆటయింది. గెలిచాననే అనుకున్నాను.

తర్వాత బడి నుంచి పిలిచారు. పిచ్చుక ఎవరి పక్కనా కూర్చోవడం లేదట. ఎవరైనా దగ్గరికొస్తే, నన్ను ముట్టుకోకండి, మీక్కూడా అంటుకుంటుంది అంటోందట. నీళ్ల గ్లాసుని రుమాలుతో పట్టుకుంటోందట. చిన్నపిల్లకి ఇలాంటి మాటలు ఎవరు నేర్పారమ్మా అని టీచరు నన్నే అడిగింది. వాళ్ల నాన్న అని చెప్పాను.

ఇంటికి తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. మనకి గోధుమ పడదు, అంతే, మన దగ్గర్నుంచి ఎవరికీ ఏదీ అంటుకోదు అని నాకు చేతనైనంత తేలిగ్గా చెప్పాను.

"మరి అంటుకుందని నువ్వే అన్నావుగా, అందరి ముందూ."

"అబద్ధం చెప్పానమ్మా. నిన్ను నా దగ్గరికి తెచ్చుకోడానికి."

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. అబద్ధం ఏదో, నిజం ఏదో తేల్చుకుంటున్నట్టుంది.

"అంటుకోకపోతే నానమ్మ నన్నెందుకు వదిలేసింది?"

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. నేను లేచి వెళ్లి మంట తగ్గించాను.