ఎర్రనీళ్ల పరీక్ష

డాక్టరు చదువులో నాకు బంగారు పతకం వచ్చింది. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెబుతుంటాను. అలాంటి నన్ను నాగలత సిస్టర్ రెండుసార్లు ఫెయిల్ చేసింది.

సోమవారం నుంచి నాకు భద్రాచలం అవతల, అడవిలో ఉన్న పీహెచ్‌సీలో డ్యూటీ. అక్కడ నేనొక్కదాన్నే డాక్టర్ని. బాలింతకు రక్తం ఎక్కువ పోతుంటే నేనే కనిపెట్టాలి, నేనే ఆపాలి. పెద్దాసుపత్రికి రెండు గంటల దారి మరి. అందుకే కాన్పుల శిక్షణలో సిస్టర్ సంతకం పెడితే తప్ప పంపరు.

సిస్టర్ పెట్టే పరీక్ష ఇదీ: బల్ల మీద తల్లి బొమ్మ, దాని కింద దుప్పటి, ఆ దుప్పటి నిండా ఎర్రరంగు నీళ్లు. ఎంత పోయిందో చెప్పాలి. అయిదొందల మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని మాకు కంఠతా వచ్చు.

"మూడొందలు," అన్నాను, తనిఖీకొచ్చిన కలెక్టరమ్మలా చేతులు వెనక్కి కట్టుకుని.

"రెండొందల యాభై," అన్నాడు నాతోపాటు శిక్షణకొచ్చిన ఉదయ్ భాస్కర్. అతనిది ఎప్పుడూ నాకంటే యాభై తక్కువే.

సిస్టర్ గుమ్మం వైపు తిరిగి, "బతుకమ్మా, జర నువ్వు చెప్పు," అంది.

బతుకమ్మ కాన్పుల గదిలో ఆయా. ఇరవై రెండేళ్లుగా అక్కడి రక్తపు గుడ్డలు ఉతుకుతోంది. వచ్చి దుప్పటిని ఎత్తి, మళ్లీ దించింది.

"ఎనిమిదొందలుంటది."

తూకం వేస్తే ఎనిమిదొందల ఇరవై! నేను రెండోసారీ ఫెయిల్. ఒళ్లు మండిపోయింది.

"మీరు నీళ్లు పోసేటప్పుడు చూసి ఉంటుందిలే, సిస్టర్."

"ఏంది డాక్టరమ్మా, గట్లంటరు?" బతుకమ్మ నవ్వింది. "చూస్తే ఏం తెలుస్తది? గుడ్డ తాగిందంతా లోపల్నే ఉంటది. లేపి చూడాలె."

"ముట్టుకోవద్దని మీకెవరు చెప్పిండ్రు?" అంది సిస్టర్. ఎవరూ చెప్పలేదు. గ్లవ్స్ జేబులోనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే ఇల్లందు బొగ్గుబాయి కార్మికుడి భార్య తిరుమలకు నా చేతుల మీదుగా ఆడపిల్ల పుట్టింది. మాయ కూడా పడింది. తల్లి నవ్వుతోంది. కింద గుడ్డ మీద చూస్తే రెండొందలకు మించి లేదు. అయినా ఎత్తాను. గుడ్డ బరువు నా చేతిని కిందికి లాగేసింది.

"సిస్టర్! ఆరొందలు దాటింది, ఇంకా పోతోంది!"

భయం వేసింది, దాచడమెందుకు. పొట్ట మీద నుంచి గర్భసంచిని రుద్దుతూనే ఇంజెక్షన్ ఇవ్వమన్నాను, సెలైన్ పెట్టమన్నాను. పావుగంటకు గర్భసంచి గట్టిపడింది, రక్తం ఆగింది.

"ఏమైంది మేడం?" అంది తిరుమల.

"ఏం లేదమ్మా. నీ బిడ్డకు ఆకలేస్తోంది."

తూకంలో ఆరొందల డెబ్బై. సిస్టర్ నా శిక్షణ కాగితం మీద సంతకం పెట్టింది.

"మొత్తం ఎన్ని కాన్పులు చేసిండ్రు, మేడం? ఈడ రాయాలె," అంది.

"పదిహేను," అన్నాను. ఇవాళ్టిది పోను పద్నాలుగు. ఆ పద్నాలుగు కేస్ షీట్లలోనూ రక్తస్రావం రెండొందలని నా చేత్తో నేనే రాశాను. ఒక్క గుడ్డా ఎత్తి చూడలేదు. వాళ్లంతా క్షేమంగా ఇళ్లకు వెళ్లారు కాబట్టి సరిపోయింది.

స్టూలు లాక్కుని కూర్చున్నాను.