సుమతి ఓడెక్కింది

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు, ఎమ్మిగనూరు నుంచి మళ్లీ ఆదోనికి. కండక్టరు సంచి భుజాన వేసుకున్ననాటి నుంచీ సుమతి బతుకంతా ఈ దారి మీదే తిరిగింది. అలాంటి మనిషికి ఓడ పిచ్చి పట్టించింది శ్వేత.

ఆదోనిలో డిగ్రీ చదివే ఆ పిల్ల రోజూ ముందు సీట్లో కూర్చునేది. ఒకనాడు ఫోను సుమతి మొహం ముందు పెట్టి, "అక్కా, ఇది ఓడంటే నమ్ముతావా?" అంది.

సుమతి వంగి చూసింది. నీళ్ల మీద తెల్లటి మేడ. అంతస్తు మీద అంతస్తు, దాని నెత్తిన ఈతకొలను.

"మద్రాసులో ఎక్కితే వైజాగు పోయి మళ్లా వస్తాదంట అక్కా. తినేది, పండేది అంతా దాంట్లోనే."

సుమతి టికెట్టు కొట్టడం మరిచిపోయి నిలబడింది. "మేడం, స్టేజీ దాటిపోతాంది!" అని వెనక సీట్లవాళ్లు అరిచేదాకా ఆమె ఈ లోకంలోకి రాలేదు.

భర్త ఈరేష్‌కు ఎమ్మిగనూరులో చిన్న బట్టల దుకాణం. సుమతి చెప్పగానే ఉత్సాహంగా సరేనన్నాడు. ఇద్దరికీ శ్వేతే ఫోనులో టికెట్లు తీసిపెట్టింది. తీరా ప్రయాణం దగ్గరపడేసరికి ఈరేష్ నీళ్లు నమిలాడు.

"కాలవ గట్టు మింద నడిస్తేనే నాకు కండ్లు తిరుగుతాయి. ఇంగ సముద్రమంటే నా వల్ల గాదు సుమతీ. టికెట్లు వాపసిచ్చేద్దాం."

"నీది వాపసియ్యప్పా. నేను పోతా."

మగ్గం మీదున్న అత్త మద్దమ్మ చేతిలో పని ఆగిపోయింది. "ఏమ్మే, ఒగదానివే పోతావా? మగోడు తోడు ల్యాకుండానా? సూసినోళ్లు ఏమనుకుంటారే?"

"దినామూ బస్సు నిండా మగోళ్లతో నేనొగదాన్నే ఏగుతాన్నా గదత్తా. అప్పుడెవురూ ఏమీ అనుకోల్యా."

మద్దమ్మ ఆగిన పని అందుకుంది. కాసేపు నేసింది. మళ్లీ ఆపి, "ఆడ గాలి శానా ఉంటాది. సెవులకు గుడ్డ కట్టుకో" అంది. అంతే, అనుమతి దొరికినట్టే.

ఆదోని స్టేషనుకు ఈరేష్ తనే దిగబెట్టడానికి వచ్చాడు. రాలేకపోతున్నందుకు పరిహారమన్నట్టు పెద్ద పొట్లం నిండా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. రైలు కదిలేదాకా కిటికీ ఊచలు పట్టుకుని ఒకటే జాగ్రత్తలు. "అంచుకాడికి పోవాకు. తొంగి సూడాకు. దిగినంక ఫోను సెయ్యి." రైలు కదిలాక ఆ మొహం వెనక్కి పోతుంటే ఆమెకు ఒక్క క్షణం గుండె కలుక్కుమంది. గుంతకల్లు రాకముందే మళ్లీ ఓడ గుర్తొచ్చింది. ఇక రాత్రంతా కళ్లు మూతపడితే ఒట్టు.

మద్రాసు రేవులో ఓడను చూడాలంటే తల పూర్తిగా వెనక్కి వాల్చాల్సి వచ్చింది. ఫోనులో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. తన గది తాళం కోసం బల్ల దగ్గర నిలబడితే అక్కడి అమ్మాయి, "మీతో ఎంతమందండీ?" అనడిగింది.

"నేనే" అంది సుమతి. అన్నాక ఆ మాట ఆమెకే భలే నచ్చింది.

గదిలో తెల్లటి పక్క, గుండ్రటి కిటికీ, కిటికీ నిండా నీళ్లు. పుట్టింట్లో చెల్లెళ్లతో, అత్తింట్లో మగ్గంతో సర్దుకుని పడుకున్న మనిషికి ఇంత గది ఒక్కదానికే! తలుపు వేసుకుంది. తీసింది. మళ్లీ వేసుకుని పక్క మీద ఎగిరి కూర్చుంది.

సాయంత్రం అందరూ పైకెక్కారు. ఓడ బోరుమని కూత పెట్టింది. గట్టుకూ ఓడకూ మధ్య నల్లటి నీటి చీలిక కనిపించి, చూస్తుండగానే వెడల్పయింది. సుమతి ఒళ్లు ఝల్లుమంది. అలవాటు కొద్దీ నోట్లోంచి గట్టిగా, "రైట్, రైట్!" అని వచ్చేసింది.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆమె సిగ్గుపడబోయి తనూ నవ్వేసింది. పక్కనే నిలబడ్డ నెరిసిన జుట్టు ఆవిడ, "ఆర్టీసీనా అమ్మా?" అనడిగింది. ఆవిడ జయమ్మ, నెల్లూరులో టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడా ఒక్కతే వచ్చింది. ఆ రాత్రి కుర్రాళ్లు పాటలకు చిందులేస్తుంటే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర భోంచేశారు.

మర్నాడు తెల్లవారేసరికి సముద్రం రంగు మారింది. సుమతి చెప్పులు ఒక గోడ నుంచి మరో గోడకు వాటంతటవే జారుకుంటూ పోయాయి, మళ్లీ వచ్చాయి. గాలి ఎక్కువగా ఉంది, పై అంతస్తు ఆరుబయటికి ఎవరూ వెళ్లొద్దు, భయపడాల్సిందేమీ లేదు అని మైకులో చెబుతున్నారు.

తలుపు తీసి చూస్తే, రాత్రి చిందులేసిన కుర్రాళ్లంతా గోడలకు బల్లుల్లా అతుక్కుని ఉన్నారు. సుమతి నడవాలోకి అడుగుపెట్టింది. ఓడ కుడికి ఒరిగింది. ఆమె మోకాళ్లు వాటంతటవే వదులయ్యాయి, ఒళ్లు ఎడమకు వాలింది. ఓడ లేచింది, ఆమె కాలు ముందుకు పడింది. నీలకంఠేశ్వర జాతరనాడు కిక్కిరిసిన బస్సులో ఏ కడ్డీ పట్టుకోకుండా టికెట్లు కొట్టిన కాళ్లవి. ఇదంతా వాటికి తెలిసిన పనే! కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

టిఫిను హాలు ఖాళీ. వేడి దోసెలు రెండు తిని, టీ ఒలక్కుండా తాగి వస్తుంటే, నడవాలో జయమ్మ తివాచీ మీద కూలబడి కనిపించింది. మొహం పాలిపోయింది.

"కదల్లేనమ్మా. లేస్తే పడిపోతా."

"నేనుండా గదా టీచరమ్మా. నా భుజం పట్టుకోండి. ఓడతో కొట్లాడాకండి. అది యాటు ఒరిగితే మనమూ దాంతో పోదాం."

ఒక్కో అడుగే వేయిస్తూ సుమతి ఆవిడను లిఫ్టు దాకా, అక్కణ్ణుంచి పైనున్న అద్దాల హాల్లోకి తీసుకెళ్లింది. ముందు వరసలో కూర్చోబెట్టి, "కిందికి సూడాకండి. ఆ సివర, ఆకాశం ఆనుకున్న కాడ సూడండి" అంది.

అప్పుడే వచ్చింది పెద్ద అల. ఎక్కడో పచ్చటి మిట్టలా లేచి, దగ్గరయ్యేకొద్దీ కొండంతయింది. ఓడ ముక్కు పైకి లేచి దాని మీద దభీమని పడింది. పత్తి జిన్నింగు మిల్లులో దూది ఎగిసినట్టు తెల్లటి నురగ ఎగిసి అద్దాలన్నీ కప్పేసింది.

సుమతి కెవ్వుమని అరిచింది. భయంతో కాదు. జయమ్మ కూడా అరిచింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

"ఇంగొగటి వస్తాంది!"

"రానీ! రానీ!" అంది జయమ్మ, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని. తల తిరగడం సంగతి ఆవిడకు గుర్తే లేదు.

వాళ్ల కేకలు విని ఒకరొకరే తూలుతూ పైకి వచ్చారు. తలుపు దగ్గరే గుంపుగా ఆగిపోయిన వాళ్లను చూసి సుమతి ఊరుకోలేకపోయింది. "లోపలికి జరగండప్పా, ముందర ఖాళీ ఉంది!" అని కేకేసింది. జరిగారు. ఆ పూటంతా అల వచ్చినప్పుడల్లా హాలు హాలంతా ఒక్క గొంతుతో హోరెత్తింది.

రాత్రికి గాలి తగ్గింది. పొద్దున్నే లేచి పైకెళ్లేసరికి ఎదురుగా వైజాగు కొండ, నీటిలోకి చాచిన ముక్కులా. ఎర్రటి ఎండలో ఓడ దాని వైపే పోతోంది. చేతిలో ఫోను మోగింది. ఈరేష్.

"నిన్నంతా ఫోను కలవల్యా. బాగుండావా? ఏమన్నా అయిందా?"

ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పింది. చెప్పులు జారింది, దోసెలు తిన్నది, అల లేచింది, అందరూ అరిచింది.

"ఉండావా అప్పా?"

"ఉండా" అన్నాడు ఈరేష్ నీరసంగా. వింటూ వింటూ దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయాడట. "మల్లా తిరిగొచ్చేటప్పుడు గూడా అట్లనే ఊగుతాదంటావా?"

"ఊగితే ఎంత బాగుండు!" అంది సుమతి, గాలికి ఎగిరిపోతున్న కొంగును ఒక చేత్తో పట్టుకుని.